వ్యాగన్ మీద రాత

ఆదివారం పొద్దున ఆరున్నర. కర్గీ రోడ్ స్టేషనుకి కాస్త ఎడంగా, ఒక ఇంటి పక్క షెడ్డులో ఎర్ర పోలో కారు. దాన్ని చూడ్డానికి బిలాస్‌పూర్ రైల్వే కాలనీ నుంచి ఇద్దరొచ్చారు. ఒకడు కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు. రెండో ఆయన క్యారేజ్ అండ్ వ్యాగన్ విభాగంలో పనిచేసి రిటైరైన అతని మేనమామ. కుర్రాడి కళ్లు నల్లటి అల్లాయ్ చక్రాలకు అతుక్కుపోయాయి. మేనమామ మాత్రం తిన్నగా వెళ్లి బోనెట్ మీద అరచెయ్యి పెట్టాడు.

"చల్లగానే ఉందిరా. మనమొచ్చేలోపు స్టార్ట్ చెయ్యలేదు. మంచిదే."

బిలాస్‌పూర్ నుంచి కట్నీ వెళ్లే లైనులో కోటా ఊరికి ఉన్న స్టేషను పేరు కర్గీ రోడ్. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ ఉత్తరాంధ్ర కుటుంబాలు ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్ లాంటి రైల్వే ఊళ్లకు తరలివచ్చాయి. ఆ ఇళ్లలో బండిని చూసే తీరు వేరుగా ఉంటుంది. రైలు స్టేషనులోకి వస్తుండగానే క్యారేజ్ అండ్ వ్యాగన్ సిబ్బంది పట్టాలకు రెండు పక్కలా కూర్చుని, వేలాడే భాగమేదైనా ఉందా అని కింద చూస్తూ, చక్రాల చప్పుడు వింటారు. దాన్ని రోలింగ్-ఇన్ పరీక్ష అంటారు. బండి ఆగాక యాక్సిల్ బాక్సుల వేడి చూస్తారు. చెవి, ముక్కు, అరచెయ్యి పనిముట్లైన విద్య అది. మోడిఫై చేసిన సెకండ్‌హ్యాండ్ కారు ముందు నిలబడినవాడికి అంతకంటే పనికొచ్చే విద్య లేదు.

పోలో జీటీ టీఎస్ఐ మన దేశంలోకి 2013లో వచ్చింది. 1.2 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను, 105 పీఎస్ శక్తి, 175 న్యూటన్ మీటర్ల టార్క్, ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్సు. పేరుకు స్పోర్ట్స్ కారు కాకపోయినా, వేగం మీద మోజున్న మధ్యతరగతి కుర్రాళ్లకు చాలామందికి అందిన స్పోర్ట్స్ కారు అదే. కర్గీ రోడ్‌లో ఉన్నది 2015 బండి. మొదట హైదరాబాద్‌లో తిరిగింది, తర్వాత బిలాస్‌పూర్ సీజీ-10 నంబరు పడింది. శక్తి పెరిగేలా ఇంజను కంప్యూటరును రీమ్యాప్ చేశారు, సైలెన్సర్ మార్చారు, స్ప్రింగులు మార్చి ఎత్తు తగ్గించారు.

కారు చెడిపోయేది ఈ మార్పుల వల్లేనని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. శ్రద్ధగా చేసిన రీమ్యాప్‌తో ఏళ్ల తరబడి నడిచే కార్లుంటాయి. మార్చిన వస్తువు పక్కన మార్చకుండా వదిలేసిన వస్తువు ఏమిటన్నదే అసలు ప్రశ్న. శక్తి పెంచినవాడు క్లచ్ సంగతి చూశాడా? వేగం పెంచినవాడు బ్రేకుల సంగతి ఆలోచించాడా?

ఈ పోలోలోని డీక్యూ200 గేర్‌బాక్సు పొడి క్లచ్‌లతో పనిచేస్తుంది. దాని పరిమితి 250 న్యూటన్ మీటర్లు. కంపెనీ ఇచ్చిన 175కీ ఆ హద్దుకీ మధ్య ఉన్న ఖాళీలోనే రీమ్యాప్ చేసేవాడు ఆడుకుంటాడు. ఎంతదాకా వెళ్లాడో కాగితం మీద చూపించగలిగితే సరే. "పికప్ అదిరిపోద్ది భయ్యా" అన్న మాటొక్కటే ఆధారమైతే జాగ్రత్తపడాలి. అందుకే మేనమామ కారును ఖాళీ రోడ్డు మీద ఉరికించమనలేదు. చిన్న ఎత్తు మీద నడక వేగంతో పాకించమన్నాడు. మొదటి గేరు నుంచి రెండో గేరుకు మారేటప్పుడు బండి దడదడలాడితే క్లచ్ అరిగి ఉండొచ్చు.

అంతకుముందు కోల్డ్ స్టార్ట్. కారు కొనేవాడు సైలెన్సర్ వెనకే నిలబడాలి. నీలం పొగ వస్తే ఇంజనాయిలు మండుతోంది. తెల్లపొగ ఎంతకీ ఆగక తియ్యటి వాసనేస్తే కూలెంట్ సిలిండర్లోకి దిగుతోంది. నల్లపొగైతే పెట్రోలు ఎక్కువవుతోంది. చలి పొద్దున మొదట కనిపించే పల్చటి ఆవిరికి భయపడనక్కర్లేదు. తర్వాత ఆయిలు పోసే మూత విప్పి లోపలివైపు చూడాలి. అక్కడ మీగడలాంటిది పేరుకుంటే ఆయిల్లో నీళ్లు చేరి ఉండొచ్చు.

కుర్రాడు ఫోనుకు కలిపే చిన్న స్కానర్ తెచ్చాడు. తప్పుల కోడ్‌లు ఏమీ లేవు. సంతోషపడబోయాడు.

"ఏటిరా, లేకపోతే చాలా? ఎప్పుడు చెరిపారో అడుగు దాన్ని" అన్నాడు మేనమామ.

ఆ మాటలో చాలా ఉంది. కోడ్‌లు చెరిపేస్తే కారు తనను తాను పరీక్షించుకునే రెడీనెస్ మానిటర్లు కూడా మొదటికొస్తాయి. అవి మళ్లీ పూర్తి కావాలంటే బండి కొంత తిరగాలి. చాలా కార్లలో కోడ్‌లు చెరిపాక ఎన్ని కిలోమీటర్లు నడిచిందో కూడా కంప్యూటరు చెబుతుంది. అమ్మే ముందురోజు చెరిపినవాడు అక్కడ దొరికిపోతాడు. డ్యాష్‌బోర్డులోని ఎయిర్‌బ్యాగ్ దీపమూ అంతే. తాళం తిప్పగానే వెలిగి, కాసేపటికి ఆరాలి. అసలు వెలగకపోతే దాని నోరు నొక్కేసి ఉండొచ్చు. స్టీరింగ్ మార్చిన బండిలో ఇది చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకూడదు.

ఎత్తు తగ్గించిన కారు గుట్టు టైర్లు చెబుతాయి. లోపలి అంచు మాత్రమే అరిగిందంటే ఎత్తు తగ్గించాక అలైన్‌మెంట్ చేయించలేదు. టైరు పక్కన ఉండే నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2319 అంటే 2019లో ఇరవైమూడో వారం. చక్రం పైన మడ్‌గార్డు లోపల రాపిడి గీతలున్నాయేమో వేళ్లతో తడమాలి. అన్నిటికంటే ముఖ్యం స్ప్రింగు. కొత్త స్ప్రింగు వెయ్యకుండా పాతదాన్నే కోసి పొట్టి చేసిన బండిని కొనకపోవడమే మేలు.

హైదరాబాద్‌లో తిరిగిన బండి కాబట్టి 2020 అక్టోబరు వరదలు గుర్తుకు రావాలి. 2015 చెన్నై, 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచిన విజయవాడ కూడా అంతే. నీళ్లలో మునిగిన కార్లు శుభ్రమై, రంగు వేసుకుని దూర రాష్ట్రాలకు వెళ్లిపోతాయి. సీటుబెల్టును చివరిదాకా లాగి చూస్తే కొన్నిసార్లు మట్టిగీత దొరుకుతుంది. కార్పెట్ ఎత్తితే వాసన, ఫ్యూజ్ బాక్సు తెరిస్తే చిలుము పట్టుబడతాయి. మేనమామ బెల్టు మొత్తం లాగాడు. శుభ్రంగానే ఉంది. డోర్ల అంచుల్లో రంగు తేడా లేదు, వేలితో తడితే పుట్టీ పెట్టిన చోట వచ్చే మొద్దు చప్పుడూ లేదు.

ఇక చట్టం. కంపెనీ ఇచ్చిన వివరాలకు, ఆర్సీలో నమోదైనవాటికి భిన్నంగా వాహనాన్ని మార్చడానికి మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 52 ఒప్పుకోదని 2019 జనవరి 9న సుప్రీంకోర్టు తేల్చింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. చెప్పకుండా చేసిన మార్పు బయటపడితే బీమా క్లెయిమూ ఆగిపోవచ్చు. కొన్నవాడి పేరు ఆర్సీలోకి ఎక్కాక, మార్పు చేసింది పాత ఓనరన్న జవాబు రోడ్డు మీద ఆపిన అధికారి దగ్గర నిలవదు. మోజుతో వచ్చిన కుర్రాళ్లకు ఈ సంగతి ముందే చెప్పడం పెద్దవాళ్ల బాధ్యత.

అందుకే మేనమామ చివరి ప్రశ్న ధర గురించి కాదు. "తీసేసిన ఒరిజినల్ సామాన్లు ఎక్కడున్నాయి?"

గూడ్సు వ్యాగన్ పక్కన తెల్ల రంగుతో రాసి ఉంటుంది. పూర్తి మరమ్మతు ఏ వర్క్‌షాపులో జరిగింది, ఎప్పుడు జరిగింది, మళ్లీ ఎప్పుడు వెళ్లాలి అన్నీ అందులో ఉంటాయి. ఆ రాత ఉంది కాబట్టే, బిలాస్‌పూర్‌లో ఎవరో చూసి పంపిన వ్యాగన్‌ను ఎక్కడో ముఖం తెలియని మనిషి నమ్మగలుగుతాడు. మోడిఫై చేసిన కారుకు అలాంటి రాత యజమాని అలవాటులోనే ఉండాలి. సైలెన్సర్, స్ప్రింగులు దాచినవాడు బండిని మళ్లీ మొదటి స్థితికి తేవచ్చన్న జ్ఞానంతో పనిచేశాడు. పాత ఇనుముకు అమ్మేసినవాడు ఆ దారి మూసేశాడు.

అమ్మేవాడు ఒక్క క్షణం ఆలోచించి లోపలికెళ్లాడు. నిచ్చెన గోడకు ఆనించిన చప్పుడైంది. అటక మీంచి రెండు అట్టపెట్టెలు, పాత గోనెసంచిలో చుట్టిన సైలెన్సర్ కిందికి దిగాయి. పెట్టెల మీద మార్కరుతో తేదీలు, మీటరు అంకెలు రాసి ఉన్నాయి. లోపల బిల్లులు.

కుర్రాడు మేనమామ ముఖంలోకి చూశాడు. ఆయన కళ్లజోడు తుడుచుకుని, గడప మీద కూర్చుని, మొదటి పెట్టె మీది అంకెలు చదవడం మొదలుపెట్టాడు.