చోటు తప్పిన ప్రోటీన్

పుంగ్గోల్‌లో ఇల్లు, బయోపోలిస్‌లో ప్రయోగశాల ఉన్న పరిశోధకుడు ఒకనాడు రైలెక్కకపోతే, మనిషి క్షేమమే గాని ఆనాటి పని సాగదు. కణంలోనూ ఇంతేనని రన్‌ఎక్స్-3 అనే ప్రోటీన్‌పై సింగపూర్‌లో సాగిన పరిశోధన వాదించింది.

ఈ ప్రోటీన్ కేంద్రకంలో ఉండి జన్యువులను నియంత్రిస్తుంది. జీర్ణాశయ క్యాన్సర్‌కూ దీని లోపానికీ సంబంధం ఉందని యోషియాకి ఇటో బృందం 2002లో ప్రతిపాదించింది. 2005లో 97 కణితులను పరిశీలించి, 44 శాతంలో ప్రోటీన్ లేదనీ, మరో 38 శాతంలో అది ఉన్నా కణద్రవ్యంలోనే చిక్కుకుందనీ ప్రకటించింది. అంటే, తయారైన ప్రోటీన్ కూడా చోటు తప్పితే లేనట్టే. ఈ భేదం చికిత్సకు కీలకం: లేనిదాన్ని తిరిగి పుట్టించాలి, చిక్కుకున్నదాన్ని కేంద్రకానికి చేర్చితే చాలు.

అయితే ఈ సిద్ధాంతమంతా ప్రతిరక్షకం వేసే రంగుపై ఆధారపడింది. 2011లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థకు చెందిన యోరామ్ గ్రోనర్ బృందం, ఆరోగ్యకరమైన జీర్ణనాళపు ఉపకళా కణాల్లోనే ఈ ప్రోటీన్ కనబడదని వాదించింది. అదే నిజమైతే, మొదట లేనిది క్యాన్సర్‌లో పోయిందనడం ఎలా? కణద్రవ్యంలో రంగు పట్టినది మరొక ప్రోటీన్ కాదని నమ్మకమేమిటి?

ఇటో బృందం అడిగిన ప్రశ్న గొప్పది. జవాబుకు ఆధారం మాత్రం ఇంకా గట్టిపడాలి. జన్యువును తొలగించిన కణజాలంలో రంగు పట్టని ప్రతిరక్షకమే ఇక్కడ నమ్మదగిన సాక్షి. చోటు తప్పిందనే ముందు, చూస్తున్నది ఆ ప్రోటీన్‌నేనని తేలాలి. ఆ పరీక్ష నెగ్గని తీర్పుపై రోగి చికిత్సను నిలపరాదు.