ఊరంతా అంటే ఎవరు?

సర్పంచ్ అభ్యర్థి కరపత్రాన్ని విమర్శకు పనికొచ్చే రచనగా ఎవరూ చూడరు. కథల్నీ కవిత్వాన్నీ చీల్చి చెండాడే మన విమర్శకులు గడపలో పడ్డ ఈ కాగితాన్ని మాత్రం మడిచి అవతల పారేస్తారు. దీన్ని చదవాలని మేం అంటున్నాం. 2025 డిసెంబర్ 11, 14, 17 తేదీల్లో తెలంగాణలో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. ఉంగరం గుర్తు కిందైనా కత్తెర గుర్తు కిందైనా హామీలు ఇంచుమించు ఒకటే: ఊరంతా సీసీ రోడ్లు, ఇంటింటికీ నల్లా, వీధివీధికీ లైటు. చేసేదెవరో తెలుస్తూనే ఉంది, అభ్యర్థి. మరి ఆ "ఊరంతా"లో ఉన్నదెవరు?

ఊరు వేరు, వాడ వేరు. ఈ మాట చెప్తే కులం తెస్తున్నారంటారు. నీళ్లలో కులాన్ని మేం కలిపామా? 1985 జూలైలో కారంచేడు మారణకాండకు ముందు గొడవ మొదలైంది మాదిగలు తాగే మంచినీళ్ల చెరువు దగ్గర. గేదెకు కుడితి పెట్టిన బకెట్ కడిగి ఆ నీళ్లను పాడు చెయ్యొద్దన్నందుకు. నలభై ఏళ్లు గడిచినా "మంచినీళ్లు" అనే మాట పక్కన "ఎవరికి" అన్న ప్రశ్న లేకుండానే కరపత్రాలు అచ్చవుతున్నాయి.

చెల్పూర్ సంగతే చూద్దాం. జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో కాకతీయ థర్మల్ కేంద్రం ఉన్నది ఇక్కడే. 2010లో 500 మెగావాట్లు, 2016 నాటికి మరో 600. మొత్తం 1,100 మెగావాట్ల కరెంటు పుట్టే నేల మీద నిలబడి ఎవరైనా సరే స్తంభానికి లైటు పెట్టిస్తానని ఓటడిగితే నవ్వాలా, ఏడవాలా? ప్లాంటు నుంచి పంచాయతీకి రావాల్సిన పన్నెంత, వచ్చిందెంత, అందులో వాడకు ఖర్చు పెట్టిందెంత, బూడిద ఎవరి ఇళ్ల మీదికి పోతోంది? ఈ లెక్క చెబితే దాన్ని మేం విధానమంటాం. ఉత్త లైటు హామీ మెహర్బానీ మాత్రమే.

ఆ మెహర్బానీ కూడా సొంత జేబులోది కాదు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకిచ్చిన గ్రాంట్లలో 60 శాతాన్ని నీళ్లకూ పారిశుధ్యానికే కట్టేసింది. అంటే అభ్యర్థి తేల్చగలిగింది నీళ్లు ఇవ్వాలా వద్దా అని కాదు, ఎక్కడ ఇవ్వాలనే. ట్యాంకు ఏ దిక్కున కట్టాలి, పైపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలి, ఏ వాల్వు ఎంతసేపు తిప్పాలి అన్నవి. మొదట్లోని ఇండ్లవాళ్లు మోటార్లు పెట్టి గుంజుకుంటే చివరనున్న నల్లాలో గాలే వస్తది. నల్లా ఇచ్చామని రికార్డుల్లో మాత్రం ఉంటది. కరపత్రం నోరు మూసుకునేది సరిగ్గా ఈ "ఎక్కడ" దగ్గరే.

సర్పంచ్ సీటు దళితులకు రిజర్వయితే ఇదంతా మారుతుందని 73వ సవరణ నాడు మనలో చాలామంది నమ్మారు. కొంత మారింది, కాదనం. కుర్చీ దొరికింది. కానీ తెలంగాణ 2018 చట్టం కింద చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్ కూడా సంతకం పెట్టాలన్నారు. ఉపసర్పంచ్ పదవికి రిజర్వేషన్ లేదు, వార్డు సభ్యులు ఎన్నుకుంటారు. వాడకు పైపు వేయాలని దళిత సర్పంచ్ అనుకున్నా ఆ రెండో సంతకం ఎవరి చేతిలో ఉందో చూడాల్సిందే. అవినీతిని ఆపడానికి జాయింట్ చెక్కు అని వాదించేవాళ్లున్నారు. అట్లయితే అనుమానం మొదట సర్పంచ్ మీదికే ఎందుకు పోయిందో కూడా వాళ్లే చెప్పాలి.

ఇక "స్వచ్ఛ గ్రామం" హామీ. మోరీ తీసేదెవరు? 2019లో వచ్చిన జీవో 51 మల్టీపర్పస్ పేరుతో ఊడ్చేవాళ్లనీ, వాల్వు తిప్పేవాళ్లనీ, ట్రాక్టర్ నడిపేవాళ్లనీ ఒకే గాటన కట్టింది. నెలకు 8,500 రూపాయలతో మొదలుపెట్టింది. ఆ పనుల్లో ఎక్కువమంది మనవాళ్లే. వాళ్ల జీతం, గ్లౌజులు, బూట్లు ఏ అభ్యర్థి హామీల్లోనైనా కనిపించాయా? శుభ్రత కావాలి గానీ చేసే మనిషి కంట పడొద్దు. చివరి నల్లాకు నీళ్లు అందక బిందె పట్టుకుని ఎదురు చూసేది చాలాసార్లు పొద్దున వాల్వు తిప్పొచ్చిన మనిషి ఇంటివాళ్లే.

అంబేద్కర్ 1948 నవంబర్‌లో రాజ్యాంగ సభలో గ్రామాన్ని గొప్పగా పొగిడేవాళ్లను నిలదీసింది ఇందుకే. ఆనాటి ఆ "గ్రామమే" ఇప్పుడు రంగుల కాగితం మీద "ఊరంతా" అయి వచ్చింది.

2018 చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టమంటోంది. గెలిచినవాళ్ల కరపత్రాలు పారేయకండి. గ్రామసభకు పట్టుకుపోయి, ఒక్కో హామీ పక్కన ఏ వాడ, ఏ వీధి, ఎన్ని మీటర్ల పైపు అని రాయించి, తీర్మానాల పుస్తకంలో ఎక్కించమనండి.