కాఫీ పిప్పిలో పంట

ఫిల్టర్ అడుగున మిగిలే పిప్పిని పారేయకుండా దాచేవాళ్లంటే నాకు భలే గౌరవం. దాని మీద ముత్యపుచిప్ప పుట్టగొడుగులు పండించడం ఎంతో ఓపిక కావాల్సిన పని. అప్పుడే మరిగిన నీళ్లు పడ్డ పిప్పి కాబట్టి సూక్ష్మజీవుల బెడద తక్కువ. కానీ ఆ శుభ్రత ఒక్కరోజు ముచ్చటే, ఆలస్యమైతే ఆకుపచ్చ బూజు పాగా వేస్తుంది. అందుకే అనుభవమున్నవాళ్లు ఏ పూటది ఆ పూటే, చల్లారగానే, కడుక్కున్న చేతులతో విత్తనం కలుపుతారు. విత్తనమంటే తెల్లటి శిలీంధ్రం అల్లుకున్న జొన్న గింజలే. పిప్పి మరీ మెత్తన. ఉడికించి ఆరబెట్టిన వరిగడ్డి ముక్కలు కలిపితేనే లోపల గాలాడుతుంది.

తర్వాత సంచిలో నింపితే, రెండు మూడు వారాలు చీకటి మూలే. నల్లటి పిప్పంతా తెల్లబడ్డాక సంచికి గాట్లు పెట్టి, ఎండ తగలని వెలుతురులో వేలాడదీసి, రోజూ నీళ్లు చిలకరిస్తారు. మన ఎండాకాలం దీనికి పడదు, చలికాలమే అనువు.

గాటులోంచి ఆవగింజంత మొగ్గలు గుత్తిగా పొడుచుకొస్తాయి. ఇక చూడాలి వాటి జోరు! పొద్దున చూసినవాటిని సాయంత్రానికి గుర్తుపట్టలేం. గొడుగు అంచులు పైకి తిరగకముందే, గుత్తిని మొదలంటా పట్టుకుని మెలితిప్పి తీసే ఒడుపు చూసి తీరాల్సిందే. తడి ఆరనివ్వకపోతే అదే సంచి రెండో కాపూ ఇస్తుంది.