పాత లైనింగ్ పీకే రోజు

ఫర్నేస్ షట్‌డౌన్ అనగానే అందరి ధ్యాసా కొత్త లైనింగ్ మీదే. ఏ గ్రేడు బ్లాంకెట్ తెప్పించారు, మాడ్యూల్స్ ఎప్పుడొస్తాయి, యాంకర్లు ఎవరు వెల్డింగ్ చేస్తారు, ఇవే మాటలు. పాతది పీకే పని మాత్రం ఎవరి లెక్కలోనూ ఉండదు. కాంట్రాక్టరు అడ్డా మీద నుంచి నలుగురు రోజుకూలీలను తెస్తాడు. గడ్డపారలు, గోనెసంచులు చేతికిచ్చి సాయంత్రానికల్లా లోపల ఖాళీ కావాలంటాడు. పనితనం తెలిసిన ఫిట్టర్లు మర్నాడు వస్తారు. సిరామిక్ ఫైబర్‌తో వచ్చే ముప్పులో పెద్ద భాగం వాళ్లు రాకముందు రోజే ఉంటుంది.

అల్యూమినా, సిలికా కలిపి కరిగించి, ఆ ద్రవాన్ని గాలితో ఊది గానీ, తిరిగే చక్రాల మీద పోసి గానీ తీసిన పోగులే ఈ సిరామిక్ ఫైబర్ బ్లాంకెట్. ఇటుక బరువు లేదు, ఫర్నేస్ త్వరగా వేడెక్కుతుంది, ఇంధనం మిగులుతుంది. దీన్ని వాడొద్దని నేననను. కానీ ఇందులో 3 మైక్రాన్ల కంటే సన్నటి పోగులుంటాయి. మన తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. చేతులకు దురద పెట్టేవి లావు పోగులు, ఊపిరితిత్తుల అడుగుకు దిగేవి సన్నవి. కాబట్టి దురద లేదంటే దుమ్ము లేనట్టు కాదు.

అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ 2002లో ఈ పోగులను మనుషులకు కాన్సర్ తెచ్చే అవకాశం ఉన్నవాటి జాబితాలో, 2బి వర్గంలో పెట్టింది. ఆధారం ముఖ్యంగా జంతువుల మీద చేసిన ప్రయోగాలే. ఇక అమెరికాలో వీటిని తయారుచేసే కార్మికులకు ఎక్స్‌రేలు తీస్తే కొందరికి ఊపిరితిత్తుల పొర మీద మచ్చలు కనిపించాయి. యూరప్‌లో గాలిలో ఈ పోగులు మిల్లీలీటరుకు 0.3 మించకూడదని 2017లో పరిమితి పెట్టారు.

ఇదంతా కొత్త బ్లాంకెట్ సంగతి. ఏళ్ల తరబడి 1,200 డిగ్రీల దగ్గర నడిచిన ఫోర్జింగ్ ఫర్నేస్ లోంచి ఒక ముక్క తీసి చూడండి. ఫర్నేస్ బయటి షీటు వైపున్న ముఖం ఇంకా మెత్తగా, కొత్తదానిలాగే వంగుతుంది. మంట వైపున్న ముఖం కుంచించుకుపోయి, గట్టిపడి, గ్లౌజుతో నొక్కితే చాలు పొడి రాలుతుంది. 1,000 డిగ్రీలు దాటిన వేడిలో చాలాకాలం ఉంటే ఆ గాజు పోగు స్ఫటికంగా మారుతుంది. అలా పుట్టేవాటిలో క్రిస్టోబలైట్ ఒకటి. అది స్ఫటిక సిలికా, సిలికోసిస్‌కు దారితీసే రకం. ఊపిరితిత్తుల కాన్సర్ తెస్తుందని రుజువైన 1వ వర్గంలో ఉంది. అంటే తక్కువ కూలీ ఇచ్చి, ఏమీ చెప్పకుండా లోపలికి పంపిన మనిషి ముక్కు ముందుకు ఎక్కువ ప్రమాదాన్ని తెచ్చి పెడుతున్నాం.

"దూదే కద సార్, ఏమైతది?" అని తువ్వాలు ముక్కుకు చుట్టుకునే కుర్రాళ్లను చూస్తే నాకు కోపం రాదు, భయమేస్తుంది. తువ్వాలు ఈ దుమ్మును ఆపదు. పీకే పనికి రబ్బరు హాఫ్ మాస్క్, దానికి పి100 ఫిల్టర్లు కనీసం ఉండాలి. దుమ్ము ఎక్కువైతే ముఖమంతా కప్పేది కావాలి. గడ్డం ఉంటే మాస్క్ అంచు ముఖానికి అతకదు, అక్కడినుంచే గాలి దూరుతుంది. ఫర్నేస్ పూర్తిగా చల్లారాక, కరెంటు తీసి లాకవుట్ చేశాక, లైనింగ్ మీద సన్నటి జల్లుగా నీళ్లు కొట్టాలి. తడిసిన ముక్కను తడిగానే మందపాటి ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టి, లోపల ఏముందో పైన రాయాలి. చీపురు పట్టకూడదు, హెపా ఫిల్టర్ ఉన్న వాక్యూమ్ వాడాలి.

నీళ్లు కొడితే ఫర్నేస్‌లో ఉన్న ఇటుక తడుస్తుంది, మళ్లీ నెమ్మదిగా ఆరబెట్టుకుంటూ వేడి పెంచాలి, ఉత్పత్తి ఆలస్యమవుతుందని యజమానులు అంటారు. నిజమే, అవుతుంది. ఆ ఆలస్యాన్ని షట్‌డౌన్ షెడ్యూల్లో ముందే రాసుకోవాలి.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది ఎయిర్ గన్. పని అయ్యాక ఒకరి బట్టలు ఒకరు కంప్రెసర్ గాలితో దులుపుకుంటారు. బట్టల మీద కూర్చున్న పోగులన్నీ లేచి నేరుగా ముఖాల దగ్గరికే వస్తాయి. మిగిలినవి ఆ బట్టలతోనే బండెక్కి ఇంటికి పోతాయి, అక్కడ వాటిని ఉతికేది భార్యో తల్లో. పని బట్టలు పని దగ్గరే విప్పి, అక్కడే ఉతికించి, స్నానం చేయించి పంపడం యజమాని బాధ్యత.

క్షార మృత్తిక సిలికేట్ ఊలు అని ఒకటుంది. ఒంట్లో త్వరగా కరిగే రకం. వేడి అంత ఎక్కువ లేనిచోట దాన్నే వేయించండి. అయితే బాగా కాలిన తర్వాత అందులోనూ స్ఫటిక సిలికా పుట్టొచ్చు గనక, పీకేటప్పుడు జాగ్రత్త మారదు.

భోపాల్ దుర్ఘటన తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేసిన సవరణ ఫోర్జింగ్‌ను ప్రమాదకర ప్రక్రియల పట్టికలో చేర్చి, అందులోని ముప్పులను కార్మికుడికి చెప్పే పూచీ యజమాని మీద పెట్టింది. ఫ్యాక్టరీ నడిపేవారికి నా విన్నపం ఒక్కటే. వచ్చే షట్‌డౌన్ వర్క్ ఆర్డర్‌లో పాత లైనింగ్ పీకే పనికి వేరే పద్దు రాయండి. మాస్కులకు, సంచులకు, ఆరబెట్టే సమయానికి అందులోనే డబ్బు కేటాయించండి. ఆ పనికి అడ్డా మీది మనిషిని కాదు, శిక్షణ ఇచ్చిన మనిషిని పంపండి.