కృత్రిమ కాలేయము: పేరును, ప్రయోజనమును

తీవ్ర కాలేయ వైఫల్యమునకు చేయు చికిత్సను గూర్చిన వ్రాతలలో 'కృత్రిమ కాలేయము' అను మాట తరచుగా కనబడుచున్నది. మూత్రపిండములు చెడినవారికి డయాలిసిస్ యంత్రము ఎట్లో, కాలేయము చెడినవారికి ఇదియు నట్లే యని సామాన్యుడు తలచుట సహజము. ఈ పోలిక ఎంతవరకు సరియైనదో, ఆ యంత్రములు నిజముగా ప్రాణమును నిలుపుచున్నవో లేదో ఇచ్చట పరిశీలింతము.

అంతకుముందు కాలేయవ్యాధి లేని మనిషికి పచ్చకామెర్లు కనబడిన కొలది దినములలో, లేక వారములలో, రక్తము గడ్డకట్టు శక్తి తగ్గి, బుద్ధి కలతపడి, మగతయు, తుదకు స్పృహలేమియు కలిగినచో దానిని తీవ్ర కాలేయ వైఫల్య మందురు. పాశ్చాత్య దేశములు పెక్కింటిలో పారసిటమాలును మితిమీరి మ్రింగుట దీనికి ముఖ్య కారణము. మన దేశములో కలుషితమైన నీటి మూలమున వచ్చు హెపటైటిస్ ఎ, ఇ వైరసులు, క్షయకు వాడు కొన్ని మందులు, ఎలుకల మందులోని పసుపు భాస్వరము చెప్పుకోదగిన కారణములు.

కాలేయము చేయు పనులను రెండు విధములుగా చూడవచ్చును. రక్తములోని మలినములను తొలగించుట ఒకటి. ఆల్బుమిన్‌ను, రక్తము గడ్డకట్టుటకు కావలసిన ప్రోటీనులను తయారుచేయుట, చక్కెరను నిలువచేసి అవసరమైనపుడు విడుదల చేయుట రెండవది. నేడు వాడుకలోనున్న 'మార్స్' వంటి యంత్రములు ఆల్బుమిన్ కలిపిన ద్రవము సహాయమున మొదటి పనిని మాత్రమే కొంతవరకు చేయగలవు. వంటిల్లు ఊడ్చినంత మాత్రమున వంట కాదు. కావున ఈ యంత్రములను కాలేయమనుటకంటె కాలేయమునకు సహాయకములనుట న్యాయము.

ఇట్టి సాధనములను గూర్చి తొందరపడి సంతోషించుట క్రొత్త కాదు. రక్తమును బొగ్గు పొరలగుండా పంపి శుద్ధిచేయు పద్ధతి 1970 తరువాతి సంవత్సరములలో లండనులోని కింగ్స్ కాలేజి ఆసుపత్రి వైద్యులకు ఎంతో ఆశ కలిగించినది. కాని 1988లో ఆ ఆసుపత్రివారే 137 మంది రోగులపై జరిపిన తులనాత్మక పరీక్ష ఫలితములను ప్రకటించిరి. మిక్కిలి గాఢమైన స్పృహలేమిలోనున్న 62 మందిలో, ఆ చికిత్స పొందినవారిలో నూటికి 34.5 మంది, పొందనివారిలో 39.3 మంది బ్రతికిరి. తాము మెచ్చిన పద్ధతిని తామే పరీక్షకు పెట్టి, ప్రతికూల ఫలితమును దాచక ప్రకటించుట ఆ వైద్యుల గొప్పతనము.

మార్స్ యంత్రమును గూర్చి ఫ్రాన్సులో 16 ఆసుపత్రులు కలిసి 102 మందిపై జరిపిన పరీక్ష 2013లో వెలువడినది. ఆరు నెలల తరువాత యంత్రచికిత్స పొందినవారిలో నూటికి 84.9 మంది, సాధారణ చికిత్స పొందినవారిలో 75.5 మంది జీవించియుండిరి. ఈ భేదము యాదృచ్ఛికము కాదని చెప్పుటకు వీలులేకపోయినది. వారిలో 66 మందికి కాలేయ మార్పిడి జరిగినది. మార్పిడి జరిగినవారిలో సగము మందికి సుమారు 16 గంటలలోపుననే అది జరిగినందున, యంత్రము శక్తిని తేల్చుటకు వ్యవధియే చాలలేదు. యంత్రమును పొగడువారు గాని తెగడువారు గాని దీనిని తుదితీర్పుగా చూపరాదు.

ఇంతకంటె ఆశాజనకమైనది ప్లాస్మా మార్పిడి. ఇందులో రోగి ప్లాస్మాను తీసివేసి దాతల ప్లాస్మాను ఎక్కింతురు. 182 మందిపై జరిగి 2016లో ప్రకటింపబడిన పరీక్షలో, ఆసుపత్రినుండి ప్రాణములతో బయటపడినవారు ఈ చికిత్స పొందినవారిలో నూటికి 58.7, తక్కినవారిలో 47.8. ఈ పద్ధతి మలినమును తీసివేయుటయేగాక, లోపించిన ప్రోటీనులను కూడ అందించును. అయితే ముఖ్యముగా లాభము పొందినవారు కాలేయ మార్పిడి జరగనివారే. వరుసగా మూడు దినములు, దినమునకు 8 మొదలు 12 లీటర్ల ప్లాస్మా మార్చవలసియుండుట చిన్న పని కాదు.

తనంతట కోలుకొనలేని కాలేయమునకు నేటికిని నిజమైన ప్రత్యామ్నాయము మరియొక కాలేయమే. 1963లో డెన్వరు నగరమున థామస్ స్టార్జల్ మొదటి కాలేయ మార్పిడి చేసెను. 1967లో గాని ఆయనకు విజయము లభింపలేదు. ఈ చికిత్సకును మూల్యము కలదు. దేహము క్రొత్త అవయవమును తిరస్కరింపకుండ సాధారణముగా జీవితాంతము మందులు వాడవలెను. బంధువు తన కాలేయములో కొంత భాగము నిచ్చినచో, అది తిరిగి పెరుగును గాని, దాతకును కొంత అపాయము లేకపోలేదు. మరణించినవారి అవయవములను పంచుటకు తెలుగుదేశమున 2013లో జీవన్‌దాన్ పథకము మొదలైనది.

ఈ వ్యాధిలో అన్నిటికంటె విలువైనది కాలము. పచ్చకామెర్లు వచ్చిన రోగి మాట తడబడినను, పగలు మత్తుగా నిద్రించి రాత్రి మేలుకొనియున్నను, పసరు మందుతో మరి రెండు దినములు చూతమనుట ప్రమాదకరము. ఆనాడే అతనిని మార్పిడి సౌకర్యముగల ఆసుపత్రికి చేర్చవలెను. అచ్చట యంత్రముతో చికిత్స చేయుదుమన్నచో బంధువులు అడుగవలసిన ప్రశ్నలు రెండు: అది మార్పిడి జరుగువరకు, లేక కాలేయము కోలుకొనువరకు ఉపకరించు వంతెనయా? దానికొరకు మార్పిడిని గూర్చిన నిర్ణయము ఆలస్యమగుచున్నదా? రక్తములో పసరుపచ్చదనము తగ్గినదని చూపు కాగితముకంటె ఈ ప్రశ్నలకు వచ్చు సమాధానములు ముఖ్యమైనవి.