సంపెంగను సాకే చేయి

ఖమ్మంలోని ఖానాపురం హవేలి పెరట్లో సంపెంగ పూస్తే వాసన వీధంతా పంచుకుంటుంది. దాన్ని సాకిన చేతి పనితనం మాత్రం ఎవరికీ పట్టదు. చైనా, జపాన్ తోటల్లో ఆకులన్నీ రాల్చి మోడు కొమ్మల మీద పూసే మాగ్నోలియాలకు మన సంపెంగ దగ్గరి చుట్టం, కాకపోతే ఇది ఏడాదంతా పచ్చగానే ఉంటుంది. కాయ పగలగానే గింజ మీది ఎర్రటి గుజ్జును కడిగేసి, వెంటనే నీడపట్టున విత్తాలి. గింజ ఎండిందా, మొలక మీద ఆశ వదులుకోవాల్సిందే. మొలిచినా పూతకు 8-10 ఏళ్లు పట్టవచ్చు. అంత ఓపిక లేనివాళ్ల కోసమే నర్సరీలో అంటు కట్టే మనిషి ఉన్నాడు. చిన్న మొక్క కాండాన్నీ, పూసే చెట్టు కొమ్మనూ ఒకే పొడవున చెక్కి, పచ్చి పొర మీద పచ్చి పొర ఆనేలా కలిపి, బిగించి కడతాడు. కోత వంకరపోతే అతుకు పట్టదు. పట్టిందంటే 2-3 ఏళ్లకే పువ్వు. ఇక ఖమ్మం ఎండల నుంచి కాచుకోవడం ఇంటివాళ్ల వంతు. సంపెంగ వేళ్లు కండగలవి, పెళుసు. అందుకే తెలిసినవాళ్లు మొదలు దగ్గర గడ్డపార వేయరు. పాదులో ఎండుటాకులు పరిచి, పొద్దున్నే తడుపుతారు, నీరు నిలవనివ్వరు. ఎండుపుల్లలు తీయడం తప్ప కొమ్మలు నరకరు. (నరికితేగానీ తోటపని చేసినట్టు అనిపించనివాళ్లు దీని జోలికి రాకపోవడమే మేలు.) ఇంత సేవకు జడలోకి ఒక పువ్వు, దేవుడి పటానికి ఒకటి, పక్కింటికి నాలుగు. నాటాలనుకుంటే తొలకరి పడ్డాక నాటండి. అంటు అతుకు మట్టిలో కూరుకుపోకుండా చూసుకోండి.