ముందు నీటికి వైద్యం

ఎన్నాళ్లుగానో పట్టించుకోని ఫిష్ ట్యాంకులో చేపలు ఎక్కువగా చచ్చిపోయేది దాన్ని శుభ్రం చేసిన మర్నాడే. సెలవు రోజు చూసుకుని ఇంటిల్లిపాదీ కలిసి నీళ్లన్నీ తోడేస్తారు. అద్దాలు తోముతారు, రాళ్లు బక్కెట్లో వేసి కడుగుతారు, ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద పెట్టి మురికంతా పోయేదాకా పిండుతారు. కొత్త నీళ్లు నింపి లైటు వేస్తే ట్యాంకు మెరిసిపోతుంది. తెల్లారేసరికి రెండు గోల్డ్‌ఫిష్‌లు వెల్లకిలా తేలి ఉంటాయి. "మురికిలో ఇన్నాళ్లు బతికాయి, మంచినీళ్లు పడలేదు పాపం" అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. ఎందుకు నిజమో తెలిసినవాళ్లు పాడుపడిన ట్యాంకుని మళ్లీ బతికించగలరు, అందులోని చేపల్ని కూడా.

మన ఇళ్లలో ఇలాంటి ట్యాంకులకు కొదవ లేదు. అబ్బాయి ఇంటర్లో ఉండగా ముచ్చటపడి కొనిపించుకున్నది, వాడు ఎమ్మెస్ చదవడానికి అమెరికా వెళ్లాక అమ్మానాన్నల మీద పడుతుంది. వాళ్లు ప్రేమగానే చూసుకుంటారు. పొద్దునా సాయంత్రం గుప్పెడు మేత వేస్తారు, నీళ్లు తగ్గినప్పుడల్లా రెండు చెంబులు పోస్తారు. కానీ ఆవిరై పోయేది నీరొక్కటే. తినగా మిగిలిన మేత, చేపల మలం, వాటి నుంచి పుట్టిన లవణాలు అన్నీ ట్యాంకులోనే ఉండిపోతాయి. నెలలు గడిచేకొద్దీ ఆ నీరు కుళాయి నీటికి ఏ పోలికా లేని మరో ద్రవంగా మారుతుంది. మార్పు మెల్లగా వచ్చింది కాబట్టి చేపలు దానికి అలవాటు పడ్డాయి. అంతమాత్రాన అవి సుఖంగా ఉన్నాయని కాదు.

లోపల జరిగేది ఇది. చేపలు మొప్పల్లోంచి అమ్మోనియా వదులుతాయి. కుళ్లిన మేతలోంచి కూడా అదే పుడుతుంది. స్పాంజిలో, రాళ్ల మీద, అద్దాల మీద పలుచని జిగురు పొరలా పట్టి ఉండే బ్యాక్టీరియా ఆ అమ్మోనియాని నైట్రైట్‌గా, ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపలకు విషం. మూడోదాన్ని కొంతమేర తట్టుకుంటాయి. మట్టిలో ఈ పని చేసే సూక్ష్మజీవుల్ని రష్యన్ శాస్త్రవేత్త వినోగ్రాడ్‌స్కీ 1890లో వేరుచేసి చూపించాడు. అక్వేరియాల్లో రెండో దశ పని నైట్రోస్పైరా జాతి బ్యాక్టీరియాదని తేలింది మాత్రం 1998లో.

ఈ పని ఉత్తినే జరగదు. నీటిలోని క్షారత్వం కొద్దికొద్దిగా ఖర్చవుతూ ఉంటుంది. నీళ్లు మార్చని ట్యాంకులో అది అయిపోతుంది, పీహెచ్ 8 దగ్గర నుంచి జారి 6 దాకా వస్తుంది. ఆ ఆమ్లపు నీటిలో బ్యాక్టీరియా నీరసించిపోతాయి, అమ్మోనియా పేరుకుంటుంది. అయినా చేపలు చావవు. ఎందుకంటే ఆమ్లపు నీటిలో అది దాదాపుగా అమ్మోనియం రూపంలో ఉంటుంది, దానితో హాని చాలా తక్కువ. ఇప్పుడు పీహెచ్ 8 ఉన్న బోరు నీళ్లో కుళాయి నీళ్లో ఒక్కసారిగా బోలెడన్ని పోశారనుకోండి. మిగిలి ఉన్న అమ్మోనియంలో కొంత విషపు అమ్మోనియాగా రూపం మార్చుకుంటుంది. పీహెచ్ 6 నుంచి 8కి పెరిగితే అందులో విషపు వాటా సుమారు 100 రెట్లవుతుంది. దానికి తోడు, స్పాంజిని కుళాయి కింద పిండినప్పుడే క్లోరిన్ దెబ్బకి పనిచేసే బ్యాక్టీరియా కాస్తా పోయాయి. పెద్దవాళ్లు "మంచినీళ్లు పడలేదు" అన్నది దీన్నే.

కాబట్టి ట్యాంకులో చెయ్యి పెట్టే ముందు కాసేపు చూడటం మేలు. అందుకు తగిన వేళ తెల్లవారుజాము. కైకలూరు, భీమవరం వైపు చెరువులున్న రైతులకి ఇది చెప్పక్కర్లేదు. రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ పీల్చేస్తుంది కాబట్టి చెరువు నీటిలో కరిగిన ఆక్సిజన్ బాగా పడిపోయేది సూర్యోదయానికి ముందే. చేప పైకి తేలి నోరు తెరుస్తోందా అని వాళ్లు ఆ వేళ గట్టు మీద తిరుగుతూ చూస్తారు. ఇంట్లో ట్యాంకు కూడా అంతే. లైటు వెయ్యకముందు చూస్తే అసలు పరిస్థితి తెలుస్తుంది.

చేపలన్నీ నీటి మట్టం దగ్గరే గుమిగూడి నోళ్లు తెరుస్తున్నాయంటే ఆక్సిజన్ చాలడం లేదు, లేదా మొప్పలు దెబ్బతిన్నాయి. రెక్కలు ఒంటికి అంటించుకుని ఓ మూల నిలబడిపోతే నీరు పడటం లేదు. రాళ్లకి ఒళ్లు రుద్దుకుంటుంటే పరాన్నజీవులేవో పట్టాయి. తోక అంచులు చిరిగి తెల్లగా మారుతుంటే రెక్క కుళ్లు. మొప్పల మూత లేచినప్పుడు లోపలి రంగు గమనించండి. ఆరోగ్యంగా ఉన్న చేపకి అది నిగనిగలాడే ఎరుపు. గోధుమ రంగుకి తిరిగితే నైట్రైట్ రక్తంలోకి ఎక్కిందన్నమాట. అలాంటి రక్తం ఆక్సిజన్ మోయలేదు, ఎయిర్ పంపు ఎంత బుడగలు వదిలినా చేప రొప్పుతూనే ఉంటుంది.

మొదటి రోజు చెయ్యవలసినవి కొద్దే. మేత పూర్తిగా ఆపేయాలి. ఎదిగిన చేప వారం రోజులు పస్తున్నా దానికేమీ కాదు, కానీ వేసిన ప్రతి పలుకూ అమ్మోనియా అవుతుంది. ఇంట్లో పెద్దవాళ్లని ఒప్పించడం ఇక్కడే కష్టం. "జబ్బుచేసిన ప్రాణికి తిండి మానిపిస్తావా" అంటారు. మానిపించాల్సిందే. ఎయిర్ పంపు రాత్రీ పగలూ నడవాలి. 20 డిగ్రీల నీటిలో లీటరుకి 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడితే, 30 డిగ్రీల నీటిలో పట్టేది ఏడున్నరే. మన ఎండాకాలంలో ఈ తేడా చేప ప్రాణం మీదికి తెస్తుంది.

తర్వాత పీహెచ్ చూడాలి. చుక్కల మందు టెస్ట్ కిట్ షాపుల్లో దొరుకుతుంది. ట్యాంకు నీటికీ కుళాయి నీటికీ పెద్ద తేడా లేకపోతే మూడో వంతు నీరు ధైర్యంగా మార్చవచ్చు. తేడా ఎక్కువగా ఉంటే రోజుకి పదో వంతు, మహా అయితే ఏడో వంతు. రెండడుగుల ట్యాంకు, అంటే 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు ఉన్నది, 54 లీటర్లు పడుతుంది. రాళ్లు పోను 50 అనుకుంటే రోజుకి ఐదు లీటర్లు చాలు. వారం పది రోజులు విసుక్కోకుండా ఇదే పని చెయ్యాలి.

పోసే నీటి విషయంలో మన ఇళ్లలో కొన్ని ప్రత్యేకమైన చిక్కులున్నాయి. మే నెలలో మిద్దె మీది ట్యాంకు నీళ్లు కాగినట్టు వస్తాయి. ముందు రోజు రాత్రే బక్కెట్లో పట్టి ఉంచితే వేడి తగ్గుతుంది, ఎయిర్ స్టోన్ వేస్తే క్లోరిన్ కూడా పోతుంది. అంత వ్యవధి లేకపోతే షాపులో అమ్మే యాంటీ క్లోరిన్, అదే హైపో, వాడవచ్చు. బక్కెట్టు ప్లాస్టిక్‌దే కావాలి. ఒంటికి మంచిదని మనం నీళ్లు నిల్వ ఉంచుకునే రాగి బిందె చేపల దగ్గరికి రాకూడదు. రాగి చేపలకు చెరుపు చేస్తుంది, నత్తల్ని చంపేస్తుంది. ఇక చాలామంది ప్రేమకొద్దీ చేసేది ఇంకొకటుంది: తాము తాగే ఆర్వో నీళ్లు, మినరల్ వాటర్ క్యాను నీళ్లు పోయడం. ఆర్వో యంత్రం లవణాల్ని దాదాపు పూర్తిగా తీసేస్తుంది. క్షారత్వం లేని ఆ నీటిలో పీహెచ్ ఇంకా తొందరగా కూలుతుంది. చేపలకి కావలసింది లవణాలున్న మామూలు నీరు. పీహెచ్ మరీ పడిపోయిన ట్యాంకులో శుభ్రంగా కడిగిన ఆల్చిప్పల ముక్కలు గుప్పెడు ఓ గుడ్డ సంచిలో కట్టి ఫిల్టరు పక్కన పెడితే, అవి మెల్లగా కరుగుతూ పోయిన క్షారత్వాన్ని తిరిగి ఇస్తాయి.

స్పాంజి సంగతి కొంచెం ఓపిగ్గా చెప్పాలి. ట్యాంకులోంచి తీసిన నీటినే ఓ గిన్నెలో పోసి, అందులో స్పాంజిని రెండుసార్లు మెల్లగా నొక్కి వదలండి. మట్టి రంగు నీరు పొగలా వస్తుంది. నీరు స్పాంజి గుండా పారడం మొదలయితే చాలు, అక్కడ ఆపేయండి. అది గోధుమ రంగులోనే ఉండాలి, ఆ రంగులోనే ప్రాణం ఉంది. అడుగున ఉన్న రాళ్లని పైపు పెట్టి సైఫన్ చెయ్యాలి, అదీ ఒక రోజు ఒక మూల, మర్నాడు ఇంకో మూల. రాళ్ల కింద నల్లటి మచ్చలుండి, కదిపితే కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే అది హైడ్రోజన్ సల్ఫైడ్. అక్కడ రాళ్లని కెలక్కుండా, పైపు నోరు దగ్గరగా పెట్టి ఆ బురదని నేరుగా బయటికి లాగేయాలి.

నీరు దారికి వచ్చేసరికి సగం జబ్బులు వాటంతటవే తగ్గుముఖం పడతాయి. మిగతా సగానికి నేను నమ్మే మొదటి మందు ఉప్పు, వంటింటి కల్లుప్పు. మంచినీటి చేప ఒంట్లోని ద్రవాల్లో లవణం బయటి నీటిలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకే నీరు మొప్పల గుండా, చర్మం గుండా లోపలికి చొరబడుతూనే ఉంటుంది, చేప దాన్ని మూత్రంగా తోడిపోస్తూనే ఉంటుంది. ఒంటి మీద పుండు పడిన చేపకి ఇది పడవలో చిల్లు పడ్డట్టే. నీటిలో కాస్త ఉప్పు కలిస్తే చొరబడే నీరు తగ్గుతుంది, ఆ ఆదా అయిన శక్తితో చేప తన గాయం మాన్పుకుంటుంది. నైట్రైట్ ఎక్కిన ట్యాంకులో ఉప్పు చేసే మేలు ఇంకొకటి: మొప్పల్లో నైట్రైట్ దూరే దారినే క్లోరైడ్ ఆక్రమిస్తుంది.

లీటరుకి ఒక గ్రాము చొప్పున, 50 లీటర్లకి 50 గ్రాములు, వేరే చెంబులో కరిగించి పొయ్యాలి. రెండో రోజు అంత, మూడో రోజు అంత. లీటరుకి మూడు గ్రాములు దాటనక్కర్లేదు. ఉప్పు ఆవిరి కాదని గుర్తుంచుకోవాలి. ఆవిరై తగ్గిన నీటికి బదులు పోసేటప్పుడు ఉప్పు వెయ్యకూడదు, తీసి మార్చిన నీటికి సరిపడా మాత్రమే కలపాలి. పొలుసుల్లేని క్యాట్‌ఫిష్ రకాలు, నీటి మొక్కలు ఇంత ఉప్పుని ఓర్చుకోలేవు. అవి ఉంటే జబ్బు చేపని వేరే టబ్బులోకి మార్చడం మంచిది.

ఒంటి మీద రవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలు కనిపిస్తే అది ఇక్. ఈ పరాన్నజీవి చేప చర్మం లోపల ఉన్నంతసేపు ఏ మందూ దానికి తగలదు. కడుపు నిండాక అది రాలి అడుగుకి చేరి, గుల్ల కట్టుకుని వందల పిల్లలుగా చీలుతుంది. ఆ పిల్లలు రెండు మూడు రోజుల్లో చేపని పట్టుకోలేకపోతే చచ్చిపోతాయి. అవి ఈదుతున్న ఆ కాస్త వ్యవధిలోనే ఉప్పుకైనా మందుకైనా దొరుకుతాయి. చుక్కలు మాయమయ్యాయని మూడో రోజే చికిత్స ఆపేసేవాళ్లు చేసే పొరపాటు అక్కడే ఉంది. ఆఖరి చుక్క రాలాక కూడా ఇంకో వారం కొనసాగించాలి, రోజూ అడుగు సైఫన్ చేస్తూ.

మిథిలీన్ బ్లూ బూజుకి బాగా పనిచేస్తుంది. కానీ దాన్ని పెద్ద ట్యాంకులో పోస్తే మనం కాపాడుకున్న బ్యాక్టీరియా కూడా పోతాయి, వేరే టబ్బులోనే వాడాలి. మెడికల్ షాపులో కొన్న యాంటీబయాటిక్ గొట్టం విప్పి పొడి చల్లే అలవాటు మాత్రం మానుకోవాలి. అది చేపకి అందేది తక్కువ, నీళ్లతో కాలువలో కలిసేది ఎక్కువ. పొట్ట ఉబ్బి పొలుసులు ముళ్లలా లేచి నిలబడిన చేప చాలావరకు బతకదు. దాన్ని విడిగా, చీకటిగా, ప్రశాంతంగా ఉంచడమే మనం చేయగలిగింది.

అసలు అక్వేరియం చరిత్రలో మొదటి అధ్యాయం కూడా ఇలాంటి వైద్యమే. లండన్‌లో రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్‌టన్ ఓ గాజు పాత్రలో గోల్డ్‌ఫిష్‌లనీ, వాలిస్నేరియా అనే నీటి గడ్డినీ కలిపి పెంచి చూశాడు. రాలిన ఆకులు కుళ్లి నీరు పాడయింది. ఆయన నీళ్లు పారబోసి మళ్లీ మొదలుపెట్టలేదు. చెరువు నత్తల్ని తెచ్చి వేశాడు. అవి కుళ్లిన ఆకుని తినేశాయి, వాటి గుడ్లు చేపలకి మేతయ్యాయి, నీరు తేటపడింది. ఆ ఫలితాన్ని 1850లో కెమికల్ సొసైటీ ముందు పెట్టాడు. మనమూ అదే మాట పట్టుకుని, ట్యాంకు కోలుకున్నాక నాలుగు వాలిస్నేరియా మొక్కలు నాటితే, అవి అమ్మోనియాని నేరుగా పీల్చుకుంటాయి. ఆ తర్వాత వారానికోసారి పావు వంతు నీరు మార్చడం, రెండు నిమిషాల్లో తినేసేంత మేత వెయ్యడం, ఇంతే సేవ. సరిగ్గా చూసుకుంటే గోల్డ్‌ఫిష్ పదేళ్లు పైనే బతుకుతుంది. పదేళ్లు బతకాల్సిన ప్రాణిని మనింట్లో ఆరు నెలలకే పోగొట్టుకోవడం న్యాయం కాదు.

ఒకవేళ ఇక చూసుకోలేం అనుకుంటే, చేపల్ని కొన్న షాపుకే తిరిగి ఇవ్వండి, లేదా పెంచుకునే మరొకరికి అప్పగించండి. పుణ్యం వస్తుందని చెరువులోనో కాలువలోనో వదలకండి. అద్దాలు శుభ్రం చేస్తుందని అమ్మే దక్షిణ అమెరికా సక్కర్ క్యాట్‌ఫిష్ ఇలా వదిలిన ట్యాంకుల నుంచే మన జలాల్లోకి చేరి, ఇప్పుడు జాలర్ల వలలు చింపుతోంది.